హిగ్గిన్‌బోథమ్: ఓక్ చెట్ల పల్లం నుంచి మౌంటు రోడ్డు దాకా

మీ ప్రశ్న చదివాను. మాంచెస్టర్ దగ్గర మీ అమ్మాయి చదివే బడిలో టీచరుగారి ఇంటిపేరు హిగ్గిన్‌బాటమ్. పేరు పిలిచినప్పుడల్లా క్లాసులో పిల్లలు కిసుక్కుమంటున్నారు. మీకేమో చిన్నప్పుడు మద్రాసు సెంట్రల్ స్టేషన్లో చూసిన హిగ్గిన్‌బోథమ్స్ పుస్తకాల కొట్టు గుర్తొచ్చింది. ఆ పేరూ ఈ పేరూ ఒకటేనా, దానికి అర్థమేమిటి, ఆఫీసులో ఒకాయన అది జర్మన్ పేరని చెప్పింది నిజమేనా అని అడిగారు.

రెండూ ఒకటే పేరు. జర్మన్ కాదు, ఇంగ్లండ్ వాయవ్యాన ఉన్న లాంకషైర్ పేరు, అచ్చమైనది. అర్థం ‘ఓక్ చెట్ల పల్లం’. హిగ్గిన్ అనే మనిషికీ, బాటమ్ అంటే పిరుదులని పిల్లలు నవ్వుకుంటున్న ఆ రెండో అర్థానికీ దీనితో ఏ సంబంధమూ లేదు. నేను లాంకషైర్‌లో ఇరవై ఏళ్లకు పైగా ఉన్నాను. శనివారాల్లో స్థానిక చరిత్ర సంఘం తరఫున పాత చర్చి రిజిస్టర్లు చదివి ఎక్కించే పని చేస్తాను. ఈ పేరు అంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం. మీరు అడిగినదానికంటే ఎక్కువే చెబుతాను, ఓపిగ్గా చదవండి.

ముందు ఊరి సంగతి. బోల్టన్ పట్నానికి తూర్పున బ్రైట్‌మెట్ అనే పేట ఉంది. అక్కడ ఇప్పటికీ ఓకెన్‌బాటమ్ రోడ్డు ఉంది. ఈ పేరు పుట్టింది ఆ ఓకెన్‌బాటమ్‌లోనే. మధ్యయుగాల్లో అది ఒక చిన్న పల్లె, బహుశా నాలుగైదు కొంపలు. ఇప్పుడు వెళ్తే ఎర్ర ఇటుక ఇళ్ల వరసలు, కార్లు, బస్ స్టాపు. చూసి ముచ్చటపడేంత విశేషం ఏమీ కనిపించదు. కానీ ఆ రోడ్డు మీద నడిస్తే నేల వాలు కాళ్లకు తెలుస్తుంది. మీద గట్టు, కింద పల్లం. పేరు పెట్టినవాళ్లు చూసింది ఆ వాలునే.

పాత ఇంగ్లీషులో ఓక్ చెట్టును ‘ఆక్’ అనేవారు. దానినుంచి వచ్చిన విశేషణం ‘ఆకెన్’ లేదా ‘ఏకెన్’, అంటే ఓక్ చెట్లు ఉన్నది. ‘బోథ్మ్’ అంటే లోయ అడుగున ఉండే వెడల్పాటి చదును నేల. ఈ రెండూ కలిస్తే మన రావిపాడు, మామిడిపూడి లాంటి పేరే. చెట్టు, దాని పక్కన నేల తీరు. మన పెద్దలు ఊళ్లకు పేర్లు పెట్టిన పద్ధతీ, వెయ్యేళ్ల కిందటి లాంకషైర్ రైతు పెట్టిన పద్ధతీ ఒకటే కావడం చూస్తే నాకు ఎప్పుడూ సంతోషంగా ఉంటుంది.

ఆ ‘బోథ్మ్’ మాట దగ్గర కాసేపు ఆగాలి. ఇవాళ్టి ఇంగ్లీషులో అదే ‘బాటమ్’. అడుగు అని అర్థం. దీనికి సంస్కృతంలో సోదరపదం ఉంది: ‘బుధ్న’. అడుగు, మొదలు, చెట్టు బోదె అని దాని అర్థాలు. పంచాంగం తిరగేసే అలవాటు మీ ఇంట్లో ఉంటే ఈ మాట మీకు తెలిసే ఉండాలి. ఉత్తరాభాద్ర నక్షత్రానికి అధిదేవత అహిర్బుధ్న్యుడు. ఋగ్వేదంలో వినిపించే ‘అహి బుధ్న్య’, అంటే అడుగున, లోతుల్లో ఉండే సర్పం. ఆ బుధ్నమూ, మీ అమ్మాయి టీచరుగారి పేరు చివర ఉన్న బాటమూ ఒకే మూలధాతువు నుంచి విడిపోయిన మాటలు. లాటిన్‌లో ‘ఫుండుస్’, గ్రీకులో ‘పుథ్మేన్’ కూడా ఆ కుటుంబానివే. పిల్లలు నవ్వే ఆ అర్థం, అంటే పిరుదులు అనే వాడుక, 18వ శతాబ్దం చివర్లో గానీ ఇంగ్లీషు రాతల్లో కనిపించదు. అప్పటికి ఈ ఇంటిపేర్లకు నాలుగైదు వందల ఏళ్ల వయసుంది. పేరు ముందు వచ్చింది, వెక్కిరింత చాలా తరవాత వచ్చింది.

లాంకషైర్, యార్క్‌షైర్, చెషైర్, డెర్బీషైర్ కలిసే కొండప్రాంతమంతా ఇలాంటి పేర్లతో నిండి ఉంటుంది. గట్లూ లోయలూ తప్ప మరేమీ లేని నేల కాబట్టి అక్కడివాళ్ల అడ్రసు లోయ పేరే. రోబోథమ్ అంటే గరుకు పల్లం. వింటర్‌బాటమ్ అంటే చలికాలంలో పశువులను తోలుకొచ్చే పల్లం. సైడ్‌బాటమ్ అంటే వెడల్పాటి పల్లం. షఫుల్‌బాటమ్ అనే పేరు వింటే ఇంగ్లీషువాళ్లే ఇప్పటికీ నవ్వుతారు. అది బరీ దగ్గర షిప్పర్‌బాటమ్ అనే చోటు పేరు. గొర్రెలను కడిగే వాగున్న పల్లం అని దాని అర్థం. ఉన్ని కత్తిరించే ముందు మందను వాగులోకి దింపి ఒక్కో గొర్రెనూ పట్టుకుని రుద్ది కడిగేవారు. ఆ పని జరిగిన చోటు అది. ఊరంతా ఏటా కలిసి చేసుకున్న పని ఒకరి ఇంటిపేరుగా మిగలడంలో నవ్వడానికేముంది?

క్రికెట్ చూసేవాళ్లకు ఈ కుటుంబం ముందే పరిచయం. 1980లో బొంబాయిలో జరిగిన జూబ్లీ టెస్టులో సెంచరీ కొట్టి, 13 వికెట్లు తీసి మనల్ని ఓడించిన ఇయాన్ బోథమ్ పేరులో ఉన్నదీ ఆ పల్లమే, ముందు విశేషణం ఏదీ లేకుండా. ఉంగరాల జుట్టుతో ఎడమచేత్తో బౌలింగ్ చేసిన రయన్ సైడ్‌బాటమ్ పేరులో వెడల్పాటి పల్లం. హిగ్గిన్‌బోథమ్ పేరులో ఓక్ చెట్ల పల్లం.

ఇక అసలు చిక్కు. ఓకెన్‌బాటమ్ కాస్తా హిగ్గిన్‌బోథమ్ ఎలా అయింది? వినడానికి దూరంగా ఉంది కానీ మెట్టు మెట్టుగా చూస్తే సులువే.

మధ్యయుగపు లాంకషైర్ దస్త్రాల్లో ఈ పేరు ‘అకిన్‌బోథమ్’ లాంటి రూపంలో, ముందు ‘ద’ అనే మాటతో కనిపిస్తుంది. ‘ద’ అంటే ఫలానా చోటివాడు అని. తరవాత తరాల్లో ఆ ‘ద’ రాలిపోయింది. అచ్చుతో మొదలయ్యే పేరుకు ముందు ‘హ’ వచ్చి చేరింది. ఇది మనకు కొత్త కాదు. ‘ఎందుకు’ అని రాసి ‘యెందుకు’ అని పలుకుతాం, ‘ఒకటి’ అని రాసి ‘వొకటి’ అంటాం. అచ్చు ముందు ఒక చిన్న హల్లును ఆసరాగా తెచ్చుకోవడం నోటికి సహజం. లాంకషైర్ నోటికి ఆ ఆసరా ‘హ’. అలా అకిన్ హకిన్ అయింది, హెకిన్ అయింది, హికిన్ అయింది. రెండు అచ్చుల మధ్య ‘క’ మెత్తబడి ‘గ’ అయ్యి హెగిన్, హిగ్గిన్ అయింది. ఉత్తర ఇంగ్లండ్ యాసలో రోవన్ అనే చెట్టుకు ఈ మాటకు దగ్గరి ఉచ్చారణ ఉన్న పేరొకటి ఉండేదనీ, ఆ మాట ప్రభావం కూడా దీనిమీద పడిందనీ కొందరు భాషావేత్తలు అంటారు.

దీనికి ఇంకొకటి తోడైంది. రిచర్డ్ అనే పేరుకు ఆ రోజుల్లో ముద్దుపేర్లు రిక్, డిక్, హిక్, హిగ్. మన వెంకటేశ్వర్లు యెంకడు అయినట్టు. ఆ హిగ్ నుంచే హిగ్గిన్ వచ్చింది. హిగ్స్, హిగ్గిన్స్, హిగ్గిన్‌సన్ అనే ఇంటిపేర్లన్నీ ఆ ముద్దుపేరు సంతానం. మరి హెకిన్‌బోథమ్ అనే పేరు చెవిన పడిన గుమస్తా ఏమనుకుంటాడు? ఊళ్లో హిగ్గిన్లు బోలెడుమంది ఉన్నారు, ఇది హిగ్గిన్ అనేవాడి పల్లం అయివుంటుంది అనుకుని అలాగే రాశాడు. అర్థం మరిచిపోయిన మాటకు తెలిసిన మాటను అతికించి అర్థం పుట్టించుకోవడం ప్రపంచంలో అన్ని భాషలూ చేసే పనే. రాసిన గుమస్తాకు ఓకెన్‌బాటమ్ ఎక్కడుందో తెలిసి ఉండదు. రాయించుకున్న మనిషికీ తెలిసి ఉండదు, ఎందుకంటే తాతల కాలంలోనే ఆ చోటు వదిలేశారు.

నేను అందరికీ ముఖ్యంగా చెప్పేది ఈ వదిలేయడం గురించే. ఊరి పేరు ఇంటిపేరుగా స్థిరపడేది ఆ ఊరు విడిచి వెళ్లినవాళ్లకే. ఓకెన్‌బాటమ్‌లో ఉన్నంతకాలం ఎవరినీ ఓకెన్‌బాటమ్ అని పిలవాల్సిన అవసరం లేదు, అందరూ అక్కడివాళ్లే కదా. పొరుగు పరగణాకు వెళ్లి భూమి కౌలుకు తీసుకున్న రోజున ‘ఎవరితను?’ అంటే ‘అకిన్‌బోథమ్ నుంచి వచ్చినతను’ అంటారు. అలా పేరు అతుక్కుంటుంది. మన త్యాగరాజస్వామి వారిని చూడండి. వారి ఇంటిపేరు కాకర్ల. ప్రకాశం ప్రాంతంలోని ఊరు అది. వారి జీవితం గడిచింది తిరువయ్యారులో. కాకర్ల ఊరు విడిచిన కుటుంబం కాబట్టే ఆ పేరు వారితో కావేరి ఒడ్డు దాకా వెళ్లింది. ఇంగ్లీషు ఇంటిపేరు కూడా ఇలాగే ఒక ప్రయాణం గుర్తు. అందుకని, ఊరి నుంచి వచ్చిన ఇంటిపేరు మొదట్లో కనిపించేది ఆ ఊళ్లోనే అనుకోకండి. పక్కన పది, ఇరవై, ముప్పై కిలోమీటర్ల పరిధిలో వెతకాలి.

హిగ్గిన్‌బోథమ్ విషయంలో అదే జరిగింది. 1881 జనాభా లెక్కల్లో ఈ పేరు ఎక్కడ గుమిగూడి ఉందో చూస్తే బోల్టన్ కాదు. స్టాక్‌పోర్ట్, మార్పుల్, గ్లాసప్ చుట్టుపక్కల, అంటే చెషైర్, డెర్బీషైర్, లాంకషైర్ ఒకదానికొకటి ఆనుకున్న ఆ మూలలో. బోల్టన్ నుంచి మార్పుల్‌కు గీత గీస్తే ముప్పై కిలోమీటర్ల పైచిలుకు. మధ్యలో మాంచెస్టర్. మధ్యయుగాల్లో ఎవరో ఒకరిద్దరు బోల్టన్ వైపు నుంచి ఆ దారిన వెళ్లి స్థిరపడితే, అక్కడ వారి సంతతి పిల్లలై, పిల్లల పిల్లలై విస్తరించింది. ఊరి పేరేమో వెనక బోల్టన్‌లో మిగిలిపోయింది. స్టాక్‌పోర్ట్ చరిత్రను 19వ శతాబ్దంలో రెండు సంపుటాలుగా రాసిన పెద్దమనిషి పేరే హెన్రీ హెగిన్‌బోథమ్. ఆయన స్పెల్లింగులో హి లేదు, హె ఉంది. పాత ఉచ్చారణకు అదే దగ్గర.

1881 లెక్కలనే ఎందుకు పట్టుకోవాలంటే, ఆ ఏడాది లెక్కలు మొత్తం ఇంగ్లండంతటికీ స్వచ్ఛంద కార్యకర్తలు మనిషి మనిషికీ కంప్యూటర్‌లోకి ఎక్కించారు. రైళ్లు వచ్చి అప్పటికి యాభై ఏళ్లు అయినా, జనం ఇంకా సొంత జిల్లాల నుంచి మరీ దూరం చెదిరిపోలేదు. ఏ అరుదైన పేరునైనా ఆ ఏడాది పటం మీద గుర్తు పెడితే నూటికి తొంభై పాళ్లు ఒక ముద్దలా కనిపిస్తుంది. ఆ ముద్దే మీకు దారి చూపిస్తుంది. స్మిత్, బ్రౌన్ లాంటి పేర్లయితే దేశమంతా చిలకరించినట్టు ఉంటాయి, ఏ కబురూ చెప్పవు.

ఇక్కడ ఒక్క మాట, గోదావరి జిల్లాల వాళ్లకు ఆసక్తిగా ఉంటుంది. కాటన్ దొర ఇంటిపేరుకూ పత్తికీ సంబంధం లేదు. పాత ఇంగ్లీషులో ‘కోట్’ అంటే గుడిసె. ‘కోటుమ్’ అంటే గుడిసెల దగ్గర. కాటన్, కోటన్ అనే చోట్లు ఇంగ్లండ్‌లో చాలా ఉన్నాయి, కనుక కాటన్ అనే ఇంటిపేరు చాలాచోట్ల విడివిడిగా పుట్టింది. ఇద్దరు కాటన్లు కలిస్తే చుట్టాలు కావాలనేమీ లేదు. హిగ్గిన్‌బోథమ్‌ల సంగతి అలా కాదు. ఒకే చిన్న పల్లె నుంచి వచ్చిన పేరు కాబట్టి, స్పెల్లింగు ఏదైనా, వెనక్కి వెళ్తే దగ్గరి చుట్టరికమే తేలే అవకాశం ఎక్కువ. లెస్టర్ విశ్వవిద్యాలయంలో టూరీ కింగ్, మార్క్ జోబ్లింగ్ 2009లో ప్రచురించిన అధ్యయనం ఈ సూత్రాన్ని జన్యువుల్లో చూపించింది. 40 ఇంటిపేర్ల మగవాళ్లు 1,678 మంది వై క్రోమోజోములను, అంటే తండ్రి నుంచి కొడుకుకు మాత్రమే వచ్చే జన్యు భాగాన్ని, పోల్చారు. స్మిత్‌ల మధ్య పోలికే లేదు. అరుదైన పేర్లలో మాత్రం పెద్ద పెద్ద గుంపులు ఒకే మూలపురుషుడి వైపు చూపించాయి. గాంధీ సినిమా తీసిన దర్శకుడి ఇంటిపేరు అటెన్‌బరో అని మీకు తెలుసు. ఆ పేరున్న మగవాళ్లలో పదిమందికి దాదాపు తొమ్మిదిమంది ఒకే వంశక్రమంలోకి వచ్చారు. ఎంత అరుదైతే అంత దగ్గర.

స్పెల్లింగుల గురించి నా అనుభవం ఒకటి చెబుతాను. ఇంగ్లండ్‌లో చర్చి రిజిస్టర్లు 1538లో ఎనిమిదో హెన్రీ రాజు మంత్రి థామస్ క్రామ్‌వెల్ ఆజ్ఞతో మొదలయ్యాయి. పెళ్లి, బాప్తిస్మం, ఖననం రాసిపెట్టాలని ప్రతి పారిష్‌కూ, అంటే ఒక్కో చర్చి పరిధికీ, ఉత్తరువు. నేను చదివిన ఒక రిజిస్టరులో, పదిహేడో శతాబ్దపు పేజీ ఒకటి నాకు ఇప్పటికీ కళ్లముందు ఉంది. గోధుమరంగు తోలుకాగితం, మూలలు వేళ్ల జిడ్డుకు నల్లబడి ఉన్నాయి. ఒకే చేతిరాత, ఒకే సిరా. పైన తండ్రి ఖననం, పేరు హిగిన్‌బోథమ్. నాలుగు వరసల కింద, వారం తరవాత, కొడుకు బిడ్డకు బాప్తిస్మం, ఇంటిపేరు హెగిన్‌బాటమ్. తండ్రీకొడుకులని పక్కన స్పష్టంగా రాసి ఉంది. రాసినవాడు ఒకడే, అయినా వారంలో పేరు మారింది. ఎందుకంటే అతను కంటితో రాయడం లేదు, చెవితో రాస్తున్నాడు. చెప్పిన రైతుకు సంతకం రాదు. కాబట్టి ‘మా పేరులో రెండు గ-లు, వాళ్ల పేరులో ఒకటే, వాళ్లు వేరు’ అనే మాట 1800కు ముందు కాలానికి చెల్లదు. హిగ్గిన్‌బోథమ్, హిగ్గిన్‌బాటమ్, హెగిన్‌బోథమ్, హిగెన్‌బాటమ్, హికిన్‌బోథమ్, హికెన్‌బాటమ్, ఇవన్నీ ఒకే చెట్టు కొమ్మలు. వెతికేటప్పుడు ‘హ’ లేకుండా అచ్చుతో మొదలయ్యే రూపాలు కూడా వెతకండి. కొత్తగా దిగినవాళ్లు చాలామంది దారి తప్పేది అక్కడే.

‘బోథమ్’ అని ‘థ’ పలకడం కూడా తరవాతి పని. పాత ‘బోథ్మ్’ కాస్తా బాటమ్ అయ్యాక, రాత ఏదైనా పలుకు బాటమే. ‘బాటమ్’ అర్థం మారి వెక్కిరింతలు మొదలయ్యాక, ‘థ’తో ఉన్న రాతను పట్టుకుని, రాసినట్టే పలకాలని కుటుంబాలు పట్టుబట్టాయి. సైడ్‌బాటమ్‌లు కొందరైతే ‘సిడ్డీబొటోమ్’ అని దీర్ఘాలు తీశారు. ఇంగ్లండ్‌లో పేరు మార్చుకోవడానికి కోర్టుకు వెళ్లనక్కర్లేదు, మోసం చేసే ఉద్దేశం లేనంతవరకు ఏ పేరుతో చలామణి అయితే అదే పేరు. కాబట్టి సిగ్గుపడినవాళ్లు నిశ్శబ్దంగా మార్చేసుకున్నారు. షఫుల్‌బాటమ్‌లు 1881 నాటితో పోలిస్తే ఇప్పుడు తక్కువమంది ఉన్నారు. ఇది నాకు బాధగానే ఉంటుంది. ఒక పేరు పోతే, ఒక వాగు దగ్గర గొర్రెలు కడిగిన సంగతి చెప్పే ఆఖరి మనిషి పోయినట్టు. మీ అమ్మాయి టీచరుగారి కుటుంబం బాటమ్ అనే రాతనే నిలబెట్టుకుంది. వాళ్లమీద నాకు గౌరవం.

మీ ఆఫీసాయన చెప్పిన జర్మన్ కథ ఆయన సొంతంగా అల్లింది కాదు. పంతొమ్మిదో శతాబ్దంలో అచ్చయిన ఇంటిపేర్ల పుస్తకాల్లో ‘ఇకెన్‌బామ్’ అనే జర్మన్ మాట, అంటే ఓక్ చెట్టు, చెడిపోయి హిగ్గిన్‌బోథమ్ అయిందని రాశారు. విచిత్రంగా ఓక్ దగ్గరకు సరిగ్గానే వచ్చారు, దేశమే తప్పారు. వాళ్లు చేసిన పొరపాటు, ఇప్పుడున్న రూపాన్ని ముందు పెట్టుకుని దాన్ని ముక్కలు చేసి అర్థం ఊహించడం. సరైన పద్ధతి దీనికి తలకిందులుగా ఉంటుంది. ఇవాళ్టి మనిషి నుంచి తండ్రికి, తాతకు, ఒక్కో మెట్టూ దస్త్రంతో రుజువు చేసుకుంటూ వెనక్కి నడవాలి. దొరికినంత పాత రూపం దొరికాక అప్పుడు అర్థం గురించి నోరు విప్పాలి. 1837 జూలై 1 నుంచి ప్రభుత్వ జనన మరణ నమోదు ఉంది. 1841 నుంచి పదేళ్లకోసారి జనాభా లెక్కలు పేర్లతో ఉన్నాయి, 1921 దాకా చూడొచ్చు. అంతకు వెనక చర్చి రిజిస్టర్లు. ఇంకా వెనక్కి వెళ్తే 1377, 1379, 1381 తలపన్ను జాబితాలు, కోర్టు దస్త్రాలు. సామాన్యులకు ఇంటిపేర్లు వంశపారంపర్యంగా స్థిరపడిందే ఆ 13, 14 శతాబ్దాల్లో. ఉత్తరాన మరికాస్త ఆలస్యం. అంతకు ముందు తరతరానికీ మారేవి.

ఇప్పుడు మీ పుస్తకాల కొట్టు. ఏబెల్ జాషువా హిగ్గిన్‌బోథమ్ అనే ఇంగ్లీషాయన ఓడలో టిక్కెట్టు లేకుండా దాక్కుని వచ్చాడనీ, పట్టుబడితే కెప్టెను మద్రాసులో దించేశాడనీ ఒక కథ ప్రచారంలో ఉంది. మిషనరీల పుస్తకాల కొట్టులో పనికి కుదిరాడు. ఆ కొట్టు నష్టాల్లో పడితే తానే తీసుకుని 1844లో తన పేరుతో నడిపాడు. బ్రౌను దొర మద్రాసులో తెలుగు నిఘంటువు పనిలో ఉన్న రోజులవి. ఒక తరంలోపే ఆ కొట్టు మద్రాసు రాజధానిలో పెద్ద పుస్తక విక్రయశాల అయింది. 1875లో ప్రిన్స్ ఆఫ్ వేల్స్ వచ్చినప్పుడు ఆయనకు అధికారిక పుస్తక విక్రేతగా నియమించారు. 1888, 89 ప్రాంతంలో ఏబెల్ మద్రాసు షరీఫ్‌గా ఉన్నాడు. 1891లో పోయాక కొడుకు చూసుకున్నాడు. మౌంటు రోడ్డు మీద ఇప్పుడున్న ఆ తెల్ల భవనం 1904 నాటిది. దేశంలో ఇప్పటికీ నడుస్తున్న పుస్తకాల కొట్లలో పాతది అదే. ఉత్తరాది స్టేషన్లలో వీలర్ వాళ్ల స్టాళ్లు ఎలాగో దక్షిణాదిలో హిగ్గిన్‌బోథమ్స్ స్టాళ్లు అలాగ. నేనూ మీలాగే మద్రాసు సెంట్రల్‌లో మా నాన్న చెయ్యి పట్టుకుని ఆ బోర్డు చదవడానికి ప్రయత్నించినవాణ్ణే. గ తరవాత ఇంకో గ, ఆపైన న, బ ఒకదానిమీద ఒకటి పడుతుంటే నోరు తిరగలేదు. ‘ఇంగ్లీషు పేరు, వదిలెయ్యి’ అని చందమామ కొని చేతిలో పెట్టారు. ఆ పేరు వదలకుండా పట్టుకున్నది నేనేనేమో.

ఇంతమంది హిగ్గిన్‌బోథమ్‌లు లోకమంతా ఎలా చేరారంటే, మిగతా ఇంగ్లీషువాళ్ల లాగే. ఒక కొమ్మ ఐర్లండ్ వెళ్లింది. డబ్లిన్‌లో పుట్టిన జార్జ్ హిగిన్‌బోథమ్ ఆస్ట్రేలియా చేరి 1886 నుంచి 1892లో చనిపోయేదాకా విక్టోరియా ప్రధాన న్యాయమూర్తిగా ఉన్నాడు. ఆయన పేరులో గ ఒకటే. అమెరికాలో ఈ పేరు నల్లజాతి కుటుంబాల్లో కూడా ఉంది. ఫెడరల్ అప్పీళ్ల న్యాయస్థానంలో పనిచేసి, వర్ణవివక్ష చట్టాల చరిత్రను లోతుగా రాసిన ఎ. లియన్ హిగ్గిన్‌బోథమ్ అందరికంటే ప్రసిద్ధుడు. 1995లో ఆయనకు ప్రెసిడెన్షియల్ మెడల్ ఆఫ్ ఫ్రీడమ్ ఇచ్చారు. బానిసత్వం కాలంలో ఇంగ్లీషు ఇంటిపేర్లు ఆఫ్రికన్ కుటుంబాలకు రక్తసంబంధంతో పనిలేకుండా అంటుకున్నాయి. కాబట్టి పైన చెప్పిన ‘ఒకే మూలపురుషుడు’ మాటను అక్కడికి అలాగే మోసుకెళ్లకూడదు. బానిసత్వం నుంచి విడుదలైన వాళ్లందరినీ పేరుపేరునా రాసిన తొలి అమెరికా జనాభా లెక్కలు 1870వి. అక్కడినుంచి వెనక్కి ఒక్కో కుటుంబం దారి వేరు. ఆ కష్టం తెలియనివాళ్లు వంశవృక్షాలు తేలిగ్గా అతికించేస్తుంటారు, దయచేసి నమ్మకండి.

మద్రాసులో బతికిన ఇంగ్లీషువాళ్ల గురించి వెతకాలనుకుంటే లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఇండియా ఆఫీసు దస్త్రాలున్నాయి. మద్రాసు రాజధానిలో జరిగిన బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, ఖననాలు అక్కడి చర్చిలు లండన్‌కు పంపిన నకళ్లు అందులో ఉంటాయి. బందరు, విశాఖ, సికింద్రాబాదు వగైరా చోట్ల చర్చిల్లో జరిగినవి కూడా చాలా దొరుకుతాయి. మన రైల్వే కాలనీల ఆంగ్లో ఇండియన్ కుటుంబాలవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, మీ ముత్తాత ఇంటిపేరు ఇంగ్లండ్‌లో ఏ మూలదో తెలుసుకోవాలంటే, ముందు ఆ నకళ్లు, తరవాత 1881 పటం. ఆ వరసలో వెళ్లండి, తిరగేసి వెళ్తే కాలం వృథా.

ఇక మీ అమ్మాయి సంగతి. టీచరుగారిని మర్యాదగా ఒక్క ప్రశ్న అడగమనండి: మీ తాతగారి తండ్రిది ఏ ఊరు అని. స్టాక్‌పోర్ట్, మార్పుల్, హైడ్, గ్లాసప్‌లలో ఏదైనా చెబితే నాకు రాయండి, అక్కడి రిజిస్టర్లు ఎక్కడ చూడాలో చెబుతాను. క్లాసులో పిల్లలకు చెప్పడానికైతే ఉత్తరాభాద్ర దేవత కథ ఒక్కటి చాలు, లోతుల్లో ఉండే పాము అంటే ఏ పిల్లవాడికైనా ఇష్టమే. మీకు వీలున్న ఆదివారం కారులో బోల్టన్ రండి. ఓకెన్‌బాటమ్ రోడ్డు పైకొనలో ఆపి కిందికి నడవండి. ఓక్ చెట్లు కనపడకపోయినా పల్లం అలాగే ఉంది.